నెలకూ నేలకూ మధ్య

1966లో మా ఊరి బడిలో ఉన్నంత చదువు ముగించుకుని, నల్లగొండ పట్టణంలో మేనమామ ఇంట్లో ఉండి పెద్ద బడిలో చేరినప్పుడు, తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లవాడు. వాళ్ళ నాయనకు బజారులో సైకిళ్ళు బాగుచేసే దుకాణం ఉండేది. అతడు తెలుగు తడుముకోకుండా మాట్లాడేవాడు, వేమన పద్యాలు నాకంటే ముందే కంఠతా పట్టి అప్పజెప్పేవాడు. అయితే "నెల" అనవలసిన చోట అతని నోట "నేల" వచ్చేది. "మెడ" మేడ అయ్యేది. "కొన" కోన అయ్యేది. పాఠం చదివేటప్పుడు ఇలా దొర్లిన ప్రతిసారీ మా పంతులు అరచేతి మీద బెత్తంతో ఒకటి వేసేవాడు. వేసి వేసి విసుగెత్తిన ఒకనాడు, మధ్యాహ్నం అన్నం గంటలో అతనిచేత "నెల" అని పదిసార్లు సరిగా పలికించే పని నాకు అప్పగించాడు.

బడి వెనుక వేపచెట్టు కింద ఇద్దరమే కూర్చున్నాము. నేను "నెల" అన్నాను. అతడు "నేల" అన్నాడు. నేను మళ్ళీ అన్నాను; అతడు మళ్ళీ అదే అన్నాడు. అయిదారుసార్లు అయ్యేసరికి నా గొంతు పెరిగింది, పంతులుగారి విసుగు నాకూ వచ్చింది. అప్పుడతడు నా ముఖంలోకి చూసి, కన్నీళ్ళు ఆపుకుంటూ, "నేనూ గదే అంటున్న గద" అన్నాడు. ఆనాడు ఆ మాట నాకు మొండితనంగా తోచింది. లోపలికి పోయి పంతులుగారితో "ఎంత చెప్పినా వింటలేడు సార్" అన్నాను. నేను అనుకున్న అర్థంలో కాకపోయినా ఆ మాట అక్షరాలా నిజమని తెలుసుకోవడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది.

మాది చండూరు పక్క పల్లెలో చేనేత ఇల్లు. నాయన గుంట మగ్గంలో కూర్చుంటే అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఆ రెండు చప్పుళ్ళ సందులోనే ఇంట్లో ఎవరి మాటయినా వినబడవలసి వచ్చేది. మా తమ్ముడికి రెండేళ్ళు నిండినా మాటలు రాకపోతే, అవ్వ వసకొమ్మును తేనెతో సానరాయి మీద అరగదీసి వాడి నాలుకకు రాసేది. వస పోస్తే మాటలు వస్తాయని మా వైపు నమ్మకం. ఆగకుండా మాట్లాడే పిల్లను వసపిట్ట అని పిలవడం తెలుగువారందరికీ తెలిసినదే. రాసినంతసేపూ అవ్వ వాడిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి, "బువ్వ", "లాల", "తాత", "అత్త" అని ఒక్కొక్క మాటను సాగదీస్తూ, గొంతు సన్నం చేసి, రాగం తీసినట్లు పదేపదే అనేది. వాడికి మాటలు వచ్చాయి. పేరు వసకు దక్కింది. అది అవ్వ ముఖానికీ, ఆమె గొంతుకూ దక్కవలసిన పేరని నేను ఆ ఇంట్లో చెప్పగలిగే నాటికి అవ్వ లేదు.

1976లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం ఎం.ఏ.లో చేరడానికి నన్ను ఒప్పించింది ఒక పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తలపెట్టిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. డిగ్రీ చదివే రోజుల్లో గ్రంథాలయంలో ఆ రెండవ సంపుటం తెరిచి చూస్తే, నాయన నోట రోజూ వినే మగ్గం మాటలు, ఏ ప్రాంతంలో ఏ మాట వాడతారన్న వివరంతో సహా అచ్చయి కనిపించాయి. మా ఇంటి మాటలను అంత గౌరవంగా కాగితం మీద పెట్టిన చదువు ఏదో అది చదవాలని ఆ రోజే అనుకున్నాను. చేరిన తరువాత పదాల కంటే ధ్వనులే నన్ను ఎక్కువగా పట్టుకున్నాయి. ఒకనాటి పాఠంలో, ద్రావిడ భాషల్లో ఎ-ఏలకూ ఒ-ఓలకూ హ్రస్వదీర్ఘ భేదం ఉన్నదనీ, హిందీ ఉర్దూలలో ఆ భేదం మాటల అర్థాన్ని మార్చే భేదంగా లేదనీ విన్నాను. అది భాషాశాస్త్రంలో తొలి మెట్టు పాఠం. అందరూ రాసుకుని పేజీ తిప్పారు. నాకు మాత్రం ఆ పేజీలో వేపచెట్టు కనిపించింది. నల్లబల్ల మీద ఉదాహరణగా ఏ మాటలు రాశారో నాకు గుర్తులేదు, ఆ మాటల స్థానంలో నేను నోటుబుక్కులో నెల, నేల అనే రాసుకున్నాను.

అయితే అతని నోరు ఎందుకు తిరగలేదో ఆ పాఠం చెప్పింది గాని, "నేనూ అదే అంటున్నాను కదా" అన్న మాటకు అందులో జవాబు లేదు. అతనికి రెండూ ఒకటిగానే వినబడ్డాయి. బెత్తం దెబ్బలు తింటూ కూడా ఒక పిల్లవాడికి రెండు మాటలు ఒకటిగా వినబడడమంటే ఏమిటి? వినికిడిలో లోపమా అంటే, సైకిలు చక్రంలో ఏ పుల్ల వదులైందో మోగించి, చప్పుడును బట్టి చెప్పగలిగేవాడు. ఈ ప్రశ్న పట్టుకుని తిరుగుతున్నప్పుడే, 1971లో అమెరికాలో పీటర్ ఐమస్ బృందం ఒక నెల, నాలుగు నెలల వయసున్న పసికందుల మీద చేసిన ప్రయోగం గురించి చదివాను. పిల్ల నోటికి ఒక పాలపీక ఇచ్చి, అది చప్పరించే వేగాన్ని యంత్రంతో కొలుస్తారు. "బ, బ, బ" అని ఒకే ధ్వని వినిపిస్తూ ఉంటే మొదట్లో ఉత్సాహంగా చప్పరించిన పిల్ల కొంతసేపటికి విసిగి నెమ్మదిస్తుంది. అప్పుడు ధ్వనిని "ప"కు మారిస్తే, చప్పరింత మళ్ళీ జోరందుకుంటుంది. మెడ నిలవని, ఊఁ కొట్టడం తెలియని పిల్లకు బ వేరు, ప వేరు అని తెలుసు. అభిమన్యుడు కడుపులో ఉండి పద్మవ్యూహం విన్నాడన్న కథ వింటూ పెరిగిన నాకు, పుట్టిన పిల్ల ఇంత వినడం నమ్మశక్యం కానిదిగా తోచలేదు. కాని అంతటి చెవి ఉన్న పిల్ల పన్నెండేళ్ళకు నెల, నేల వేరు చేయలేని స్థితికి ఎట్లా వచ్చిందన్న ప్రశ్న ఇంకా బిగుసుకుంది.

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో సోనాగ్రాఫ్ అనే యంత్రాన్ని మొదటిసారి చూసింది కూడా ఆ రోజుల్లోనే. రెండు సెకన్లకు కొంచెం పైబడి, కచ్చితంగా చెప్పాలంటే 2.4 సెకన్ల మాటను అది పట్టుకుని, తిరిగే డోలుకు చుట్టిన కాగితం మీద సూదితో కాలుస్తూ బొమ్మగా గీసేది. కాగితం కాలే వాసన గదంతా నిండేది. నిమిషాల తరబడి వేచి ఉంటే ఒక చిన్న మాట బొమ్మ చేతికి వచ్చేది. ఈనాడు ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అదే పనిని రెప్పపాటులో చేస్తుంది. అయినా నాకు ఆ మాడు వాసన బొమ్మలంటేనే ప్రేమ. నా సొంత గొంతుతో పలికిన నెల, నేల పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు, ఏత్వపు అచ్చు ఎత్వపు అచ్చుకు దాదాపు రెట్టింపు పొడవుతో పరుచుకుని ఉండడం చూసి, ఇంత స్పష్టమైనది వినబడకపోవడం ఎట్లా సాధ్యమని ఆ రాత్రంతా హాస్టలు గదిలో ఆలోచించాను.

జవాబు 1984లో వచ్చింది. అప్పటికి నేను ఉపన్యాసకుడిని. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు ప్రచురించిన వ్యాసం ఆ తరువాతి సంవత్సరం మా చేతికి అందింది. అందులో ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసిపిల్లలకు వినిపించిన ధ్వనులు ఏవి? ట, త. మన ఓనమాలలో ఉన్నవే; హిందీ మాట్లాడేవారి నోటి నుంచి తీసుకున్నవి. ఇంగ్లీషువాళ్ళకు ఆ రెండూ ఒకే ధ్వనిగా వినబడతాయి. పిల్లను తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి ఒక ధ్వనిని వరుసగా వినిపిస్తారు. ధ్వని మారినప్పుడు పిల్ల తల తిప్పితే పక్కనున్న పెట్టెలో దీపం వెలిగి బొమ్మ ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసు ఇంగ్లీషు పిల్లల్లో ఎక్కువమంది ట-తల మార్పును పసిగట్టి తల తిప్పారు. పది నుంచి పన్నెండు నెలల వయసు వారిలో ఆ పని చేసినవారు చాలా కొద్దిమంది. హిందీ ఇళ్ళలో పెరిగే పిల్లలు ఏడాది నిండే వయసులోనూ తల తిప్పుతూనే ఉన్నారు. అంటే పిల్ల తొలి మాట పలకకముందే, చుట్టూ వినబడే భాషకు అక్కరకు వచ్చే భేదాల మీద చెవి నిలుస్తుంది. అక్కరలేని భేదాలను పట్టించుకోవడం మానేస్తుంది.

ఆ వ్యాసం చదివిన సాయంత్రం నేను ఇంటికి నడిచే వచ్చాను. బెత్తం దెబ్బలు తిన్న ఆ పిల్లవాడు పన్నెండేళ్ళ వయసులో నిర్లక్ష్యం చేసి వినకపోవడం కాదు. పదకొండో నెలలోనే, తల్లి ఒళ్ళో, తన ఇంటి భాషను శ్రద్ధగా నేర్చుకున్నందువల్లనే అతనికి ఆ తేడా వినబడలేదు. దానికి మేము అతన్ని శిక్షించాము. అదే వెర్కర్ మరొకరితో కలిసి మరుసటి ఏడాది చూపిన ఇంకొక సంగతి నాకు ఎంతో ఊరటనిచ్చింది: రెండు ధ్వనులను చాలా తక్కువ ఎడంతో వెంటవెంటనే వినిపిస్తే, పెద్దవాళ్ళయిన ఇంగ్లీషువారు కూడా ట-తల తేడాను పట్టుకోగలిగారు. చెవి చెడిపోలేదన్నమాట. చెవి ఇచ్చే సమాచారాన్ని మనసు ఏ గంపలో వేస్తుందన్నదే మారింది.

పరిశోధన అంటే నాకు గుర్తుకు వచ్చే మరొక దృశ్యం అమ్మది. అంతకు రెండేళ్ళ ముందు, మా నల్లగొండ నేతగాళ్ళ మాటలో ట, త పలికేటప్పుడు నాలుక అంగిట్లో ఎక్కడ తగులుతుందో చూడాలనుకున్నాను. దానికి పాత పద్ధతి ఒకటి ఉంది. మెత్తగా నూరిన బొగ్గు పొడిని నూనెతో కలిపి నాలుకకు పూసి, ఒక్క మాట పలికించి, నోట్లో అద్దం పెట్టి అంగిటి ఫొటో తీస్తే, నాలుక తగిలినంత మేర నల్లని మచ్చ కనిపిస్తుంది. ఇరుగుపొరుగు ఒప్పుకోలేదు. అమ్మ రాట్నం ఆపి, కండెలు పక్కన పెట్టి, నా ఎదుట కూర్చుంది. "బువ్వ తినే నాలికెకు మసి పూస్తవా బిడ్డా" అని నవ్వి నోరు తెరిచింది. "అత్త" అన్నది, మచ్చ పళ్ళ వెనుకనే పడింది. పుక్కిలించి, మళ్ళీ పూయించుకుని "అట్ట" అన్నది. మచ్చ వెనక్కు జరిగి అంగిటి వంపు మీద పడింది. మన పూర్వులు ఒకదానికి దంత్యమని, మరొకదానికి మూర్ధన్యమని పేరు పెట్టిన తేడా మా అమ్మ నోట్లో నల్లగా కనిపించింది. నాయన మగ్గం ఆపి వచ్చి అద్దంలోకి తొంగిచూశాడు. బడి మొహం చూడని అమ్మ, ఎవరూ నేర్పని ఆ నాలుక కదలికను లక్షలసార్లు తప్పకుండా చేసింది. ఆ ఫొటోలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. అమ్మవి నా దగ్గరున్న ఫొటోలు అవి కాక రెండే.

ఈ మూర్ధన్యాల గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. ణతో గాని ళతో గాని మొదలయ్యే తెలుగు మాట కోసం వెతకండి, దొరకదు. నాలుక మడతపడి పైకి పోయేటప్పుడు దాని జాడ ముందున్న అచ్చు మీద పడుతుంది. సోనాగ్రాఫ్ బొమ్మలో అచ్చు కొన్ని అడ్డగీతలుగా కనిపిస్తుంది; వాటిలో కింది నుంచి మూడవ గీత ఆ అచ్చు చివర కిందికి వంగుతుంది. ముందు అచ్చు లేకపోతే చెవికి ఆ ఆనవాలు అందదు. చెవికి అందని చోట భాష ఆ ధ్వనిని నిలుపుకోదని ఈ విషయం మీద పనిచేసినవారు చేసిన వివరణ నాకు ఎంతో నచ్చుతుంది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ణ, ళ విడి అక్షరాలుగా పదిసార్లు అరిపించే బదులు "గణగణ", "కళకళ" అని అనిపిస్తే చాలునని నేను ఉపాధ్యాయులకు చెప్పేది ఇందుకే.

మా అమ్మాయికి రెండేళ్ళ వయసప్పుడు ప్రయోగశాల ఇంటికే వచ్చింది. దానికి కుక్క "తుత్త", అక్క "అత్త". ఒకనాడు వాకిట్లోకి కుక్క వస్తే, దానిని మురిపించడానికి "తుత్త వచ్చింది చూడు" అన్నాను. అది కోపంగా "తుత్త కాదు, తుత్త" అన్నది. నేను మళ్ళీ "తుత్త" అంటే కాలు నేలకేసి కొట్టింది. "కుక్క" అనగానే ముఖం విప్పారి, "ఆఁ, తుత్త" అన్నది. 1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ రాసిన ఇంగ్లీషు పిల్లవాడు చేపను "ఫిస్" అంటూ, పెద్దలు "ఫిస్" అంటే ఒప్పుకోని ఉదంతం అప్పటికి నేను ఎన్నోసార్లు పాఠంగా చెప్పి ఉన్నాను. సొంత బిడ్డ నోట వింటే వేరు. ఆమెకు క, త తేడా స్పష్టంగా వినబడుతున్నది, నాలుక వెనుక భాగం ఇంకా మాట వినడం లేదు, అంతే. నా మిత్రుడిది దీనికి తలకిందులు: అతని నాలుకకు ఏ ఇబ్బందీ లేదు, వినబడినదే పలికాడు. బడిలో ఈ ఇద్దరికీ "ఉచ్చారణ దోషం" అని ఒకే పేరు. మొదటి పిల్లకు కొన్నాళ్ళ ఓపిక చాలు. రెండవ పిల్లవాడికి కావలసింది నోటికి కాదు, చెవికి పాఠం. ఉపాధ్యాయ శిక్షణలో ఈ ఒక్క భేదం చెప్పి ఉంటే ఎన్ని అరచేతులు కందిపోకుండా ఉండేవో.

రాత ద్వారా నేర్చే ధ్వనులు మరొక తీరువి. తెలుగువారి వాడుక మాటలో ఒత్తక్షరాలు సహజంగా నిలిచినవి కావు. భ, ధ, ఖలను ఎక్కువమందిమి బడిలో పలక మీద నేర్చాము. కాబట్టే అర్థం, అర్ధం అన్న రెండు మాటలను రాతలో ఎంత జాగ్రత్తగా వేరు చేసినా, మాటలో చదువుకున్నవారు సైతం రెండింటినీ "అర్దం" అనేస్తారు. ఇటు చూస్తే, చేపలోని చ వేరు, చాపలోని చ వేరు. జీలకర్రలోని జ వేరు, జొన్నలోని జ వేరు. ఇ, ఎల వంటి అచ్చుల ముందు తాలవ్యం, అ, ఉ, ఒల ముందు దంత్యం అని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో దీనికి సూత్రం చెప్పాడు. నేటి వాచకాల్లో ఈ రెండవ చ, జలకు వేరే అక్షరం లేదు, ఏ పంతులూ నేర్పడు. అయినా మా పల్లెలో జొన్న రొట్టె అడిగే ప్రతి పిల్లా దానిని తప్పకుండా పలుకుతుంది. ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగును అక్షరాల నుంచి నేర్చుకుంటున్న నా మనుమల తోటివారు "చాలు"ను, "చుట్టం"ను చేపలోని చతో పలకడం వింటున్నాను. ఆ దంత్య ధ్వని నా కళ్ళ ముందే పలచబడుతున్నదని నాకు బాధగా ఉంటుంది. వారిని తప్పుపట్టను, వారి చెవిన అవ్వలు పడలేదు.

ఈ సందర్భంలోనే 2003లో పట్రీషియా కూల్ బృందం అమెరికాలో చేసిన పని గుర్తుకు వస్తుంది. తొమ్మిది నెలల అమెరికా పిల్లలతో చైనా మాండరిన్ మాట్లాడేవారు ఎదురుగా కూర్చుని, ఆడిస్తూ, పుస్తకాలు చదివి వినిపిస్తూ పన్నెండు సార్లు గడిపారు. ఆ పిల్లలు మాండరిన్ ధ్వనుల భేదాన్ని నేర్చుకున్నారు. అదే మనుషులు అదే మాటలు టీవీ తెర మీద చెబితే చూసిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. వస రాస్తూ మా తమ్ముడి ముఖంలో ముఖం పెట్టిన అవ్వను తలుచుకుని, ఆ వ్యాసాన్ని ఆ రోజు మూడుసార్లు చదివాను.

ఒక సదస్సులో ఒక పెద్దాయన, మా ప్రాంతం వారి నాలుక మందమనీ, అందుకే మంచి తెలుగు పట్టుబడదనీ నిండు సభలో అన్నాడు. నాలుక మందమైన జనం అంటూ ఈ భూమి మీద లేదు. ఇంగ్లీషువాడి టీ, డాక్టరు, టికెట్టు మాటల్లోని ధ్వని నిజానికి మన టకూ తకూ నడుమ పుడుతుంది. దానిని తెలుగువారందరూ టగానే విన్నాము, టగానే పలుకుతున్నాము. ఉర్దూవారి "బజార్" మాటలో గాలి రాసుకుంటూ వచ్చే ఊష్మ ధ్వని మన నోట జొన్నలోని జగా స్థిరపడింది. కొత్త ధ్వని వచ్చినప్పుడు దానిని దగ్గరలో ఉన్న సొంత ధ్వని అరలో పెట్టుకోవడం మనుషులందరి పద్ధతి. జేమ్స్ ఫ్లెగీ 1995లో ప్రతిపాదించిన సిద్ధాంతానికి గుండెకాయ ఇదే: పాత ధ్వనికి మరీ దగ్గరగా ఉన్న కొత్త ధ్వనిని నేర్చుకోవడమే ఎక్కువ కష్టం, ఎందుకంటే అది కొత్తదని చెవికి అనిపించదు. నెలలోని ఎ నా మిత్రుడికి అటువంటిదే. ఆనాటి సభలో నేను లేచి ఇదంతా చెప్పాను. చప్పట్లు రాలేదు, కాని వెనుక వరుసలో కూర్చున్న మహబూబ్‌నగర్ విద్యార్థి ఒకడు బయటికి వచ్చాక నా చేయి పట్టుకున్నాడు. అతనే తరువాత నన్ను పాలమూరు పల్లెలకు తీసుకుపోయాడు.

పనుల కోసం ముంబై, పుణె వలసపోయే పాలమూరు కూలీల సంగతి అందరికీ తెలిసినదే. పీర్ల పండుగకు చాలా కుటుంబాలు ఊరికి తిరిగివస్తాయి. నారాయణపేట వైపు ఒక పల్లెలో, అట్లా వచ్చి ఆ ఏడు ఊళ్ళోనే ఉండిపోయిన కుటుంబంలో ఇద్దరు పిల్లలను చూశాను. పెద్దవాడు తొమ్మిదో ఏట పోయి వచ్చినవాడు. వాడి మరాఠీలో పాలమూరు యాస వినబడేది. చిన్నది చంకలో ఉండగా పోయి నాలుగేళ్ళకు వచ్చింది. కూలీల పిల్లలతో, మేస్త్రీల పిల్లలతో మరాఠీలోనే పెరిగింది. మరాఠీలోనూ హ్రస్వ ఎత్వం వేరుగా లేదు. ఆ పిల్ల "నెల" అనబోయి "నేల" అంటుంటే నా ఒళ్ళు జలదరించింది. నేను ఏమీ సరిదిద్దలేదు. ఆమె తల్లి కూడా "గట్లనే అంటది సార్, పోరగాండ్లల్ల వడితె అదే వస్తది" అన్నది. సంక్రాంతి దాటాక మళ్ళీ పోయాను. వాకిట్లో ముగ్గు చుట్టూ ఆడుకుంటూ, "మా మేకకు పిల్లయి రెండు నెలలాయె" అని ఆ పిల్లే నాకు చెప్పింది, ఎత్వం అంత కురచగా, అంత కుదురుగా. బెత్తం లేదు, పదిసార్ల పాఠం లేదు. వాకిలి నిండా పదిమంది పిల్లల గొంతులు మాత్రం ఉన్నాయి.

పదిమంది గొంతులన్నది ఊరికే అన్న మాట కాదు. ఇంగ్లీషు ర, ల భేదం జపానువారికి వినబడదన్నది ప్రసిద్ధమే. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం వారు 1991లోనూ, 1993లోనూ పెద్దవయసు జపానువారికి ఆ భేదాన్ని వినడంలో శిక్షణ ఇచ్చి చూశారు. అనేకమంది గొంతులతో, అనేక మాటల్లో వినిపించినప్పుడు వారు నేర్చుకోవడమే కాక, ఎన్నడూ వినని కొత్త గొంతుల దగ్గర కూడా ఆ నేర్పు పనికివచ్చింది. ఒక్క గొంతుతోనే నేర్చినవారికి కొత్త గొంతుల దగ్గర అది పనికిరాలేదు. 1997లో మరొక సంగతి తేలింది: వినడంలో మాత్రమే శిక్షణ పొందినవారికి, పలకడంలో ఏ శిక్షణా లేకుండానే ఉచ్చారణ కూడా మెరుగుపడింది. వేపచెట్టు కింద నేను చేసిన తప్పు ఇందులో మొత్తం ఉంది. ఒక్క గొంతు, అదీ కోపం నిండిన గొంతు, వినమనలేదు, అనమన్నాను.

ఈ పద్ధతిని తెలుగుకు తెచ్చుకుని, నెల-నేల, మెడ-మేడ, కొన-కోన వంటి జంటలను కూరగాయలమ్మే ఆమె, బస్సు కండక్టరు, నేతగాడు, బడిపిల్ల ఇట్లా రకరకాల వారి గొంతుల్లో రికార్డు చేశాము. 2009లో ఆ రికార్డింగులు ఉన్న ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని నల్లగొండ పోయి, గడియారం సెంటరు దగ్గర నా మిత్రుడి దుకాణం వెతుక్కున్నాను. ఇప్పుడది మోటారు సైకిళ్ళ విడిభాగాల దుకాణం. గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. మొదట "రండి సార్" అన్నాడు. పేరు చెప్పాక "అరె భాయ్, నువ్వా" అని కుర్చీ దగ్గరికి జరిపి, చాయ్ తెప్పించాడు. వేపచెట్టు సంగతి నేను ఎత్తకముందే అతడే ఎత్తాడు. "అప్పటి సంది నేను ఆ మాటనే ఇడిచిపెట్టిన భాయ్. కిరాయి కాడ మహీనా అంట. పనోళ్ళకు ఒకటో తారీకు జీతం అంట. ఆ మాట నోట్లకెల్లి రానియ్య" అన్నాడు. నలభై మూడేళ్ళు. ఒక మాట మీద అంతకాలం కాపలా కాసిన మనిషి ముందు నేను రాసిన వ్యాసాలన్నీ చాలా తేలికగా తోచాయి. నేను చేసినదానికి క్షమించమన్నాను. "పోరగాండ్లం గద" అని చాయ్ కప్పు నా చేతిలో పెట్టాడు.

హెడ్‌ఫోన్లు పెట్టి రికార్డింగులు వినిపించాను. ఏ మాట విన్నాడో చేత్తో చూపమన్నాను: ఆకాశం వైపు చూపితే నెల, కింద బండ వైపు చూపితే నేల. ఒకటి రెండు మినహా అన్నీ సరిగ్గా చూపాడు. నల్లగొండ బజారులో వేలమంది గొంతులు విని విని, ఎప్పుడో, తనకు తెలియకుండానే అతని చెవి ఆ తేడాను అందుకుంది. నోరు మాత్రం బెత్తానికి జడిసి ఆ దారి తొక్కలేదు. అనమని నేను అడగలేదు. అతడే మైకు దగ్గరికి వంగి, గొంతు సవరించుకుని, రెండు మాటలూ అన్నాడు. తెర మీద రెండు బొమ్మలు వచ్చాయి. ఒకటి కురచ, దాని పక్కనే రెట్టింపు పొడవున ఇంకొకటి. ఏది ఏదో అతనికి చూపించాను. చాలాసేపు తెరను వేలితో తడుముతూ చూసి, హెడ్‌ఫోన్లు మళ్ళీ చెవులకు తగిలించుకుని, మైకు నా వైపు తిప్పాడు.

"ఇగ నువ్వను భాయ్, మెల్లగ. నేను వింట" అన్నాడు.

నేను "నెల" అన్నాను. అతడు కళ్ళు మూసుకుని విన్నాడు.